దయచేసి నాకు ఓటు వేయకండి

ఎన్నికల్లో నిలబడి, గడప గడపకూ వెళ్లి, "దయచేసి నాకు ఓటు వేయకండి" అని బతిమాలే అభ్యర్థిని నా జన్మలో ఒక్కణ్ణే చూశాను. ఆయన మా పక్కింటి అంబ్రోస్ పెల్లింగ్. పియానోలకు శ్రుతి సరిచేయడం ఆయన వృత్తి, ఓడిపోవడం వ్యాపకం. మా ఓస్‌బర్న్ బరో కౌన్సిల్‌కి నాలుగేళ్లకోసారి ఎన్నికలొస్తాయి. వచ్చిన ప్రతిసారీ మిల్‌పాండ్ వార్డులో ఆయన స్వతంత్ర అభ్యర్థి. ప్రతిసారీ ఆఖరి స్థానం ఆయనదే. నేను ఆయన ఎలక్షన్ ఏజెంటుని. పెళ్లికొడుకే వద్దు మొర్రో అంటున్న పెళ్లికి పెద్దరికం వహించడం ఎలా ఉంటుందో నన్నడగండి, చెప్తాను.

పార్టీల వాళ్లు ఎర్రదో నీలిదో రిబ్బను పువ్వు కోటుకు పెట్టుకుని తిరుగుతారు. అంబ్రోస్ పువ్వు పాత గోనెసంచి రంగులో ఉండేది.

"ఇదేం రంగు అంబ్రోస్?" అన్నాను మొదటిసారి చూసినప్పుడు.

"చూసిన మరుక్షణం మరిచిపోయే రంగు డాఫ్నీ. ఊరంతా వెతికి తెచ్చాను," అన్నాడు సంబరంగా.

కరపత్రం ఇంకా ఘోరం. ఆయన ఫొటో ఉండాల్సిన చోట మా వంతెన ఫొటో. దాని కింద, "మిగతా అభ్యర్థులందరూ మంచివాళ్లు. వాళ్లలో ఒకరికి వేయండి." అచ్చు వేసిన కుర్రాడు ఏదో పొరపాటు పడ్డామేమోనని నాకు రెండుసార్లు ఫోన్ చేశాడు.

ఒకసారి వినిఫ్రెడ్ గారింటికి వెళ్లాం. తొంభై దాటిన మనిషి. చిన్నప్పుడు అంబ్రోస్‌కి పాటలు నేర్పింది.

"నీకొద్దంటే మరెవరికి వెయ్యమంటావురా?" అంది.

"హోల్‌రాయిడ్ గారికి వెయ్యండి. నిన్న మీ ఇంటికొచ్చినప్పుడు ఆవిడ బూట్లు తుడుచుకుని లోపలికొచ్చిందా లేదా?"

"తుడుచుకునే వచ్చింది."

"చూశారా మరి!"

"నువ్వు తుడుచుకోలేదు."

"అందుకేనండీ, నాకు వెయ్యొద్దంటున్నది!"

ఆ రోజుకి ప్రచారం అక్కడితో సరి. ముందుగదిలో పియానో మూత తెరిచి ఉంది. అంబ్రోస్ ఒక మెట్టు నొక్కి, తల పక్కకు వాల్చి విన్నాడు. ఇక ఆ మధ్యాహ్నం మేము ఇంకో గడప తొక్కలేదు. వినిఫ్రెడ్ గారు కుర్చీలో కునుకు తీస్తోంది. కిటికీ అవతల మే నెల తెల్లపూలు గాలి లేకుండానే రాలుతున్నాయి. ఒకే స్వరం మళ్లీ మళ్లీ మోగుతూ, కొంచెం కొంచెంగా తన చోటికి తాను చేరుకుంటోంది. కరపత్రాలు ఒళ్లో పెట్టుకుని నేనూ అలాగే ఉండిపోయాను. ఎన్నికలంటే నాకు ఇప్పటికీ ఆ స్వరమే గుర్తొస్తుంది.

ఈసారి పోటీలోకి టామ్‌సిన్ గడ్జన్ అనే అమ్మాయి కొత్తగా దిగింది. వీధి చివర లాండ్రీలో పనిచేస్తుంది. ఆసుపత్రికి వెళ్లే సాయంత్రం బస్సు తీసేశారు, దాన్ని మళ్లీ వేయించాలని ఆమె పట్టుదల. గొంతు మాత్రం పక్కన వాషింగ్ మెషీన్ తిరుగుతుంటే వినపడనంత చిన్నది. ఓ రోజు మేమిద్దరం టీకి పిలిస్తే వచ్చి, చేతిలోని కప్పు వైపే చూస్తూ చెప్పింది.

"మా అన్నలు పబ్బులో అందరి ముందూ నవ్వుతున్నారండీ, నువ్వు ఆఖర్న వస్తావు చూడు అని. నిజంగా అలా వస్తే, ఇక జన్మలో ఏ మీటింగులోనూ నోరు తెరవను."

"రావు," అన్నాడు అంబ్రోస్.

"మీరెలా చెప్పగలరు?"

"ఆ స్థానం ఇదివరకే ఒకరు రిజర్వు చేసుకున్నారు."

ఆ తర్వాత ఆయన ప్రచారం జోరందుకుంది. వానలో తడుస్తూ, ఎప్పుడూ వెళ్లని సందుల్లోకి కూడా వెళ్లి వద్దు వద్దని వేడుకున్నాడు. టామ్‌సిన్ లాండ్రీకి కూడా వెళ్లి చెప్పొచ్చాడు. అదే కొంప ముంచింది. ఇంత వయసొచ్చినా మా వాళ్ల స్వభావం ఆయనకు అంతుపట్టలేదు. ఓటడగడానికొచ్చిన మనిషిని మా వాళ్లు కర్టెన్ సందులోంచి చూసి, ఇంట్లో లేనట్టు ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. వద్దని బతిమాలే మనిషి కనిపిస్తే, పాపమని లోపలికి పిలిచి కేకు ముక్క కోసి పెడతారు. ఆ నెలలో అంబ్రోస్ బాగా ఒళ్లు చేశాడు.

గురువారం పోలింగు, శుక్రవారం పొద్దున వ్యాయామశాలలో లెక్కింపు. పై కిటికీల్లోంచి ఎండ ఏటవాలుగా దిగి, నేల మీది బాడ్మింటన్ గీతల మీద పడుకుంది. పక్కనే ఈతకొలను కావడంతో గాలంతా క్లోరిన్ వాసన. బల్లల దగ్గర ఓట్ల కాగితాలు తిరగేస్తుంటే ఆకుల మీద చినుకులు పడుతున్నట్టుంది. అంబ్రోస్ కళ్లు మూసుకుని వింటున్నాడు.

"డాఫ్నీ, ఈ హాలు శ్రుతిలో ఉంది," అన్నాడు.

"కళ్లు తెరిచి నీ కట్ట చూసుకో," అన్నాను.

చూసుకున్నాడు. మొహం గోనెసంచి పువ్వు రంగులోకి తిరిగింది. ఎప్పుడూ నాలుగైదు కాగితాలతో సరిపెట్టుకునే ఆయన కట్ట ఈసారి టామ్‌సిన్ కట్టతో సమానంగా పెరిగి కూర్చుంది.

సందేహం ఉన్న ఓట్లను ఎన్నికల అధికారి ప్రిడో గారు అభ్యర్థులకూ ఏజెంట్లకూ ఒక్కొక్కటే చూపించి తేలుస్తాడు. ఎవరి ఓటు కోసం వాళ్లు పోట్లాడడం రివాజు. అంబ్రోస్ తన ఓట్ల మీద తానే యుద్ధం ప్రకటించాడు.

మొదటి కాగితంలో అంబ్రోస్ పేరు ఎదురుగా గడిలో ఇంటూ గుర్తు లేదు, నవ్వుతున్న ముఖం గీసి ఉంది.

"ఉద్దేశం స్పష్టం. పెల్లింగ్ గారికే," అన్నాడు ప్రిడో.

"అది నన్ను చూసి నవ్వడమండీ! అభిమానం కాదు, శుద్ధ ఎగతాళి!"

"కళ్లు కూడా వేశారు, పెల్లింగ్ గారూ. చాలా ఆప్యాయంగా ఉన్నాయి. చెల్లుతుంది."

రెండో కాగితంలో ఇంటూ గుర్తు, దాని పక్కన "క్షమించు అంబ్రోస్" అని రాత.

"చూశారా! ఓటరు అప్పుడే పశ్చాత్తాపపడ్డాడు!"

"పడనివ్వండి. చెల్లుతుంది."

హోల్‌రాయిడ్ గారి ఏజెంటు నవ్వాపుకోలేక గోడ వైపు తిరిగిపోయాడు. నేను అంబ్రోస్ చెయ్యి పట్టుకుని పక్కకు లాక్కెళ్లాను.

"ఏమిటీ గోల? జీవితంలో ఒక్కసారి ఒక మెట్టు పైకెక్కితే నీ సొమ్మేం పోయింది?"

ఆయన టామ్‌సిన్ వైపు చూశాడు. ఆమె గోడపక్క బెంచీ మీద ఒక్కతే కూర్చుని చేతిసంచి పట్టీ మెలిపెడుతోంది.

"నీకు మిఠాయి కొట్టు లెన్ గుర్తున్నాడా డాఫ్నీ? చర్చిలో అందరి కంటే పెద్ద గొంతు ఆయనది. ఒకసారి ఎన్నికల్లో నిలబడి ఆఖర్న వచ్చాడు. ఆ తర్వాత ఆదివారాలు పాడడం మానేసి, ఊరికే పెదవులు కదిపేవాడు. పక్కన నిలబడేవాణ్ణి కాబట్టి నాకే తెలుసు. ఆఖరి కుర్చీలో ఎవరో ఒకరు కూర్చోక తప్పదు. అలవాటున్నవాడు కూర్చుంటే గుచ్చుకోదు, అంతే."

ఇన్నేళ్లూ నేను దాన్ని వట్టి పిచ్చి అనుకున్నాను. ఆ నిమిషాన ఆ మనిషి మీద నాకెంత ప్రేమ కలిగిందంటే, తడుముకుంటూ సంచిలో చేతిరుమాలు వెతుక్కోవాల్సి వచ్చింది.

ప్రిడో గారు ఫలితాలు చదివాడు.

"టామ్‌సిన్ గడ్జన్, ముప్పై ఒకటి."

తర్వాత హోల్‌రాయిడ్ గారి పేరు. ఆవిడ భారీ మెజారిటీతో గెలిచింది, చప్పట్లు మోగాయి. ఆ తర్వాత ఇంకొకాయన. చివర్న, "అంబ్రోస్ పెల్లింగ్, ముప్పై రెండు."

అంబ్రోస్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు. గెలిచిన వాళ్లూ ఓడిన వాళ్లూ మైకు ముందుకొచ్చి అధికారికీ పోలీసులకూ కృతజ్ఞతలు చెప్పడం మా ఆచారం. ఆఖర్న వచ్చినవాళ్లు ఆ సందట్లో మెల్లగా జారుకుంటారు. టామ్‌సిన్ కూడా తలుపు దాకా వెళ్లింది. అక్కడ ఆగి అంబ్రోస్ మొహం చూసింది. వెనక్కొచ్చి మైకు ముందు నిలబడింది. ఆమె ఏదో అంటే ఎవరికీ వినపడలేదు. ప్రిడో గారు మైకుని కిందికి వంచాడు.

"నాకు ముప్పై రెండు రావాల్సింది," అంది టామ్‌సిన్. "నిన్న పోలింగ్ బూత్‌లో నా పేరు దగ్గరే పెన్సిలు పెట్టాను. అప్పుడు పెల్లింగ్ గారు గుర్తొచ్చారు. వానలో తడిసి ముద్దయి, మా లాండ్రీకొచ్చి ఓటు వెయ్యొద్దన్నారు. పాపం, ఆఖర్న వస్తే ఈ వయసులో ఎలా తట్టుకుంటారో అనిపించింది. ఆయనకే వేసేశాను."

"వద్దని చెప్పానుగా!" అంబ్రోస్ అరిచాడు. "వచ్చి మరీ చెప్పానుగా! నేను నీకు వేశానమ్మాయ్!"

"నాకా?" అంది టామ్‌సిన్.

ముందు నవ్వింది ఆమే. మైకులో ఆ నవ్వు హాలంతా మోగింది. ఆ తర్వాత ఎవరు నవ్వుతున్నారో ఎవరు కళ్లు తుడుచుకుంటున్నారో తెలియలేదు. నవ్వు కాస్త సద్దుమణిగాక, "ఎలాగూ మైకు దొరికింది కాబట్టి ఆ సాయంత్రం బస్సు సంగతి కూడా చెప్తాను," అని టామ్‌సిన్ మొదలుపెట్టింది. ఎంతకీ ఆపదే! చివరికి హోల్‌రాయిడ్ గారే, "సోమవారం నా ఆఫీసుకు రామ్మా, ఇద్దరం కూర్చుని చూద్దాం," అంది.

అంబ్రోస్ తన గోనెసంచి పువ్వు విప్పి ఆమె కోటుకు పెట్టాడు.

"ఆఖరి కుర్చీ గుచ్చుకోలేదా?"

"గుచ్చుకునేలోపే నవ్వొచ్చేసిందండీ."

ఇంటికి బస్సులో వెళ్తున్నాం. చెరువు మీద ఎండ మెరుస్తోంది. అంబ్రోస్ నుదురు కిటికీ అద్దానికి ఆనించి, ఇంజను మోతలో ఏ స్వరముందో వెతుక్కుంటున్నాడు. ఉన్నట్టుండి నా వైపు తిరిగాడు.

"ఒకటి ఆ పిల్లది. మిగతా ముప్పై ఒక్కరూ ఎవరంటావు డాఫ్నీ?"

"ఎవరో మాట వినని మూర్ఖులు," అన్నాను.

నిన్న పోలింగ్ బూత్‌లో దారానికి కట్టిన ఆ పెన్సిలుకు మొన అరిగిపోయి ఉందని, దాంతో ఆ నవ్వు ముఖానికి కళ్లు కుదిరేలా గీయడానికి చాలా అవస్థ పడ్డానని ఆయనకు చెప్పలేదు.