అడిషనల్ షీట్లలో తప్పిపోయిన జింక

తెలుగు పరీక్షలో ఒక జింకను పోగొట్టుకుని, దానితోపాటు మా నాయన పరువును కూడా అడవిలో వదిలేసి వచ్చిన ఘనత నాది. మీరు నవ్వండి, పర్వాలేదు. నాకు మాత్రం అరవయ్యో దశకం నాటి ఆ సిగ్గు ఇంకా పోలేదు.

సెలక్షన్ పరీక్ష తప్పితే ఎస్సెల్సీ పబ్లిక్‌కు పంపరు. "తప్పిందంటే ఇంట్లో కూర్చోబెట్టాల్సిందే" అని మా అవ్వ పట్టు. "నా బిడ్డ తప్పదు మా" అని వాళ్లమ్మతో నాయన ధీమా.

మా ఆడపిల్లల నమ్మకం ఒకటే: ఎన్ని అడిషనల్ షీట్లు కడితే అన్ని మార్కులు. బడివాళ్లిచ్చే దారం నాకేం చాలుతుందని, వడ్ల బస్తాలు కుట్టే పురికొస పట్టుకుపోయాను!

ప్రశ్న చిన్నదే. చిక్కిన జింకను రాజు ఎందుకు విడిచిపెట్టాడు? దాని పిల్ల వెనకాలే వచ్చింది కాబట్టి. అంతే! కానీ అంత తేలిగ్గా వదిలేస్తే నా పాండిత్యం ఏమైపోవాలి?

గంట కొట్టాక బయటికొస్తే నాయన సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఎట్టా రాసినావు మే?"

"దారం చాల్లేదు నాయనా, పురికొసతో కట్టినా!"

ఆ ముక్క ఆయన మా ఇందుకూరుపేట టీ కొట్లన్నిటిలో చెప్పుకున్నాడు. మార్కులు వినడానికి స్వయంగా బడికొచ్చి, తరగతి గుమ్మంలో నిలబడ్డాడు. తెలుగు మాస్టారు, ఆ ఒక్క ప్రశ్నతోనే నేను తప్పానని చెప్పి, నా కట్ట పైకెత్తారు.

"మొదట అడవి. తర్వాత రాజుగారి వంశం. ఆపైన గుర్రం, దాని జూలు, దాని తోక. ఆఖర్న రాజుగారు విల్లెక్కుపెట్టినాడు, గంట కొట్టేసినారు. జింకేదమ్మా?"

"ఇంకో షీటు ఇచ్చుంటే వచ్చుండేది సార్."

తరగతి గొల్లుమంది. నాయన నవ్వలేదు. కండువాతో ముఖం తుడుచుకున్నాడు. అది చూసి నేను సిగ్గుతో చచ్చిపోయాను.

"అయ్యా, ఇంకొక్కసారి రాయనీండి. మా అమ్మకు మొహం చూపించలేను" అన్నాడు.

మాస్టారు అర ఠావు చింపి ఇచ్చారు. "ఇందులోనే రాయాల. ఆ పురికొస బయటపెట్టు."

నాలుగు వాక్యాలు రాశాను. గట్టెక్కాను.

ఇంటిదారిలో నాయన నన్ను వెనక ఎక్కించుకుని సైకిలు తొక్కాడు. తొక్కుతూనే, "జింకపిల్ల సంగతి నీకు ముందే తెలుసా మే?" అన్నాడు.

"తెలుసు నాయనా."

"మరి ఆ గుర్రాన్ని ఎందుకు మే అంతసేపు మేపినావు?"

ఆ వెనక సీటు మీదే ప్రమాణం చేశాను. ఇకపై ఏం రాసినా జింకను మొదటి వాక్యంలోనే నిలబెడతాను. అడవి జోలికి పోను. రాజుగారి తాతను తలవను, ఆ తాతగారి తండ్రి మహా పరాక్రమవంతుడైనా సరే, ఆయన ఏనుగు ఎంత తెల్లనిదైనా సరే, ఆ ఏనుగు దంతాలు...

సరే, ఆపేస్తున్నాను.