తాత నీళ్లు అడిగిన సీడీ

ఆ రోజుల్లో చేతిలో ఒక కొత్త మిషన్ ఉంటే చాలు, మనిషి నడకే మారిపోయేది. యశ్వంతనగర్ గనుల దగ్గర లారీలు తూకం వేసే గదిలో ఉద్యోగం దొరికిన కొత్తలో నేనూ ఒక చిన్న సీడీ ప్లేయర్ కొన్నాను. దాని బటన్లన్నీ నాకు తెలుసని అందరికీ చెప్పుకున్నాను (తెలిసినవి మూడే). ఎంత కుదిపినా పాట ఆగదని, నలభై సెకన్ల పాటను ముందే దాచుకుంటుందని డబ్బా మీద రాసి ఉంది. దాచుకోవడానికైనా కాస్త కుదురు కావాలి కదా, మా ఊరి బస్సు దానికి ఆ అవకాశం ఇవ్వలేదు.

ఆ ఏడే సిరిగేరిలో మా తాత పోయాడు. అవ్వ ఏడవలేదు. ముద్ద కలిపి ఇస్తే పక్కకు జరిపేది, నీళ్లు కూడా బలవంతం మీద ఒక గుక్క తాగేది. పదకొండో రోజు దినాల నాటికి మనిషి సగమైపోయింది. ఇట్లాగే ఉంటే అవ్వ కూడా దక్కదని నాన్నకు భయం పట్టుకుంది. తాత ఇంట్లో పాడి క్యాసెట్టులో పట్టిపెట్టిన నాటకం పద్యాలుండేవి. అవి వింటే అవ్వకు ఏడుపైనా వస్తుందని, నేను బళ్లారికి పోయి వాటిని సీడీ చేయించుకొచ్చాను.

దినాల రోజు బంధువులంతా చేరాక తాత పటం పక్కన ప్లేయర్ పెట్టి చిన్న స్పీకర్లు తగిలించాను. పిల్లలు నొక్కినా ఏమీ కాకుండా ‘హోల్డ్’ మీట వేద్దామనుకున్నాను. ఇంతలో తాత పద్యం ఎత్తుకున్నాడు, అందరూ పటం వైపు తిరిగారు. అప్పుడైనా నేను చేతులు కట్టుకుని కూర్చుని ఉండాల్సింది. గొంతు ఇంకాస్త పెంచుదామని ఒక బటన్ నొక్కాను, పెరగలేదు. కాసేపాగి మళ్లీ అదే నొక్కి, గొప్పగా హోల్డ్ మీట జరిపాను. నేను నొక్కింది ‘ఎ-బి’ అట. మొదటి నొక్కుకూ రెండో నొక్కుకూ మధ్యనున్న ముక్కనే అది తిప్పి తిప్పి వినిపిస్తుంది. నా ఖర్మకు ఆ ముక్కలో పద్యం లేదు. తాత పాడడం ఆపి, దగ్గి, "ఏమ్మే, సొల్ప నీళ్లు తే" అన్నాడు. మళ్లీ దగ్గాడు. "ఏమ్మే, సొల్ప నీళ్లు తే." (సొల్ప అంటే కొంచెం. కన్నడ మాటే గానీ, మా ఇళ్లలో అది తెలుగు కాదని ఎవరికీ తోచదు.)

ఆపుదామంటే ఏ బటనూ పనిచేయలేదు. కంగారులో నేను వేసిన మీటే నాకు గుర్తు రాలేదు. నాలుగోసారికి మా పెద్దమామ చేతులు జోడించాడు. "దప్పికతో పోయినాడప్పా. ఆత్మ అడుగుతాండాది" అన్నాడు.

"మామా, అది మిషన్ తప్పు" అన్నాను.

"మిషన్‌కి దప్పికవుతుందేమప్పా? సుమ్నే ఉండు, మాట్లాడొద్దు."

మా చిన్నత్త కర్మ చేయించిన అయ్యవారి వైపు చూసింది. నువ్వులు నీళ్లు వదిలించడంలో ఏదో తక్కువ చేశాడని ఆ చూపు. పాపం, ఆయన తల వంచుకుని పంచె అంచు సవరించుకున్నాడు.

అప్పుడు అవ్వ లేచింది. చెంబు నిండా నీళ్లు తెచ్చి ప్లేయర్ ముందు పెట్టి, "తెచ్చినా, తాగు" అంది. తాత మళ్లీ అడిగాడు. "ఈడ పెట్టినా గదా" అంది. మళ్లీ అడిగాడు. "పద్యం నడమ నీళ్లేంది, లేచి తాగరాదా అని ఎన్నిసార్లు కసిరింటినో. ఇప్పుడు తెస్తే తాగేకి నువ్వు యాడుండావు" అని కూలబడి ఏడ్చింది. పదకొండు రోజుల ఏడుపు అది. నాన్న ఏడ్చాడు. నేను మొదట సిగ్గుతో ఏడ్చాను, తర్వాత తాత కోసం ఏడ్చాను. చాలాసేపటికి అవ్వ ముక్కు తుడుచుకుని, "నాకే దప్పికైతాండాది" అని ఆ చెంబు ఎత్తి గటగటా తాగింది. బ్యాటరీలు అయిపోయి ప్లేయర్ ఎప్పుడు ఆగిందో ఎవరమూ చూసుకోలేదు.

అదంతా నా తెలివేనని కొన్నాళ్లు మీసం తిప్పుకుని తిరిగాను. ఇప్పుడా మీసం తెల్లబడింది, తాత దగ్గు నాకు వచ్చింది. నిన్న పొద్దున పేపరు చదువుతూ మా ఆవిడను నీళ్లు అడగబోయి, నోరు మూసుకుని నేనే లేచాను. రెండు గ్లాసులు ముంచుకొచ్చి ఒకటి ఆమె ముందు పెట్టాను.

"నేనడిగినానా?" అంది.

"అడగల్యా" అన్నాను.

నా వైపు అనుమానంగా చూస్తూనే తాగింది.