జారే రెండో గేరు

ఎస్బియర్గ్ రేవు పక్కన ఉన్న తన మరమ్మతు షెడ్డుకి ఏ బండి వచ్చినా ప్రీబెన్ ముందు తానే నడిపి చూస్తాడు, ఆ తర్వాతే పానా పట్టుకుంటాడు. అరవై దాటిన మనిషి. మెడ ఒక పక్కకి వాల్చి ఇంజను చప్పుడు వింటుంటే ఎవరు పలకరించినా ఉలకడు. ఆ ఉదయం నర్సు ఇంగర్ తన మోటారుసైకిల్ తెచ్చింది. "రెండో గేరు వేసినా జారిపోతోంది. నా కాలే సరిగ్గా నొక్కట్లేదేమో," అంది. ప్రీబెన్ రేవు రోడ్డెక్కి, రెండో గేరులో గట్టిగా వేగం పెంచాడు. గేరు లివరు అతని బూటును ఎదురు తన్నింది. బండి ముందుకు పోక ఇంజను ఊరికే గీపెట్టింది.

నూనె దించితే అందులో ఇనుప రజను మెరిసింది. గేరుబాక్సు విప్పి, గేర్లను జరిపే ఫోర్కును, వంకర ఉంటే తెలిసేలా, చదునైన అద్దం పలక మీద పెట్టాడు. అది ఒక కొసన లేచి ఊగింది. ఫోర్కు వంగడంతో గేరు పూర్తిగా పట్టుకోక, పళ్ల అంచులు గుండ్రంగా అరిగిపోయాయి. నాలుగేళ్ల కిందట ఆ గేర్లు మార్చింది తనే. పాత ఫోర్కును కంటితో చూసి, బాగానే ఉందనుకుని తిరిగి బిగించిందీ తనే. మధ్యాహ్నం రొట్టె డబ్బా మూత కూడా తీయలేదు.

సాయంత్రం ఇంగర్ రాగానే చెప్పేశాడు. "తప్పు నీ కాలిది కాదు, నాది. ఈ వంకర నేను అప్పుడే చూడాల్సింది."

"పోయిన వారం లారీని దాటుతుంటే జారింది, ప్రీబెన్. వెనక మా అమ్మాయి కూర్చుని ఉంది."

"కొత్త ఫోర్కు, కొత్త గేర్లు వేస్తాను. నన్ను నమ్మమని మాత్రం అడగలేను."

"అడగొద్దు. బిగించాక నువ్వే నడుపు, వెనక నేను కూర్చుంటా. లారీ కనబడితే దాటించు."