సూదక్క కరిగించిన రాయి

సూదక్కకు ఆ పేరు ఎవరు పెట్టారో ఆమెకే గుర్తులేదు. ప్రయోగశాలలో కిటికీ పక్క కుర్చీ ఆమెది. నలగ్గొట్టి జల్లించిన రాతిపొడిని సూక్ష్మదర్శిని కింద పరుచుకుని, సూదిమొన తడిచేసి, పనికొచ్చే పలుకుల్ని ఒక్కొక్కటే ఏరి చిన్న సీసాలో వేసేది. గట్టిగా ఊపిరి వదిలితే పూటంతా పడ్డ కష్టం ఎగిరిపోతుంది. అందుకని ఆ గదిలో ఎవరూ జోకులు వెయ్యకూడదని ఆమే నియమం పెట్టింది. దాన్ని అందరికంటే ముందు తప్పేదీ ఆమే. తను వేసిన జోకుకి తనే పకపకా నవ్వి, పళ్ళెంలో పొడి చెదరగొట్టుకుని, "పోయిందమ్మా పూట!" అంటూ మళ్ళీ మొదలుపెట్టేది. ఆమె పోయాక ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటున్నారు. పొడి ఇప్పుడు చెదరడం లేదు.

ఆ ఏడాది వచ్చినవన్నీ కార్బొనటైట్ రాళ్ళే. చూపుకి పాలరాయిలా ఉంటుంది గాని, భూమి అడుగున కరిగి, పైకి పొంగి గడ్డకట్టిన రాయి అది. ఫోన్లకీ మోటార్లకీ కావలసిన అరుదైన లోహాలు అందులోని భాస్వరపు ఖనిజాల్లో దాక్కుని ఉంటాయి. వాటిలో రెండు సూదక్కకి కన్నబిడ్డల్లాంటివి. ఒకటి తేనెరంగు మోనజైట్. రెండోది అపటైట్, రంగూ రుచీ లేనట్టుండే ఆరు పలకల పుల్ల, వెలుగు తగిలితే మాత్రం నీటిబొట్టులా మెరుస్తుంది.

ఆ రాళ్ళని భూమిలోంచి పైకి తీసేది ఆమె భర్తే. డ్రిల్లింగ్ యంత్రం నడిపేవాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ యంత్రం ఎక్కడికి పోతే అక్కడికి పోయి, ఎప్పుడో చుట్టపుచూపుగా ఇంటికొచ్చే మనిషి. ఈసారి బోరు ఇంటికి సైకిల్ దూరంలో పడింది. మొగుడు రోజూ ఇంట్లో అన్నం తినడం సూదక్కకి కొత్త. గురక కూడా కొత్తే. రెండూ బాగానే ఉన్నాయని నలుగురికీ చెప్పుకునేది.

జియాలజిస్టు మేడమ్ ముందే తేల్చి చెప్పింది. బోరు అడుగున దొరికిన రాయిలో మోనజైట్‌తో పాటు అపటైట్ కూడా ఉంటే ఇంకా లోతుకు తవ్వుతారు. లేకపోతే బోరు మూసి, యంత్రాన్ని రైలెక్కి పోవలసినంత దూరం పంపేస్తారు. యంత్రంతో పాటు మనిషినీ.

సూదక్క ఆ రాతిముక్కల్ని ఎప్పటిలాగే ఆసిడ్‌లో వేసింది. ఎప్పుడూ వాడేది వెనిగర్‌లో ఉండే మెతక ఆసిడ్. తెల్లరాయిని మెల్లగా కరిగిస్తుంది, అపటైట్ జోలికి పోదు. అదే అరలో అపటైట్‌ని కూడా మింగేసే ఘాటు ఆసిడ్ డబ్బా ఉంటుంది. లేబుళ్ళు కొత్తవాళ్ళ కోసమని ఆమె ధీమా. మూత తీసి వాసన చూస్తే చాలు, ఏది ఏదో ముక్కే చెప్పేది. ఆ వారం జలుబు చేసి ముక్కు బిగుసుకుపోయింది. రోజుల తరబడి పట్టే పని తెల్లారేసరికి అయిపోతే, రాయి మెత్తనిదనుకుని మురిసిపోయింది. అడుగున తేనెరంగు పలుకులు కాసిని మిగిలాయి. అపటైట్ ఊసే లేదు. లేదనే రాసిచ్చింది.

ఆ సాయంత్రం భర్త చేతులు కడుక్కుంటూ అన్నాడు. "నీ రాయి మమ్మల్ని తరిమేసిందోయ్. ఈ వారంలో పైపులన్నీ లారీకెక్కించాలి."

"నా రాయేంటండీ? తవ్వింది మీరు."

"ఏరింది నువ్వు. అది సరే గాని, ఒకటి అడగనా? రాళ్ళు కరిగించినప్పుడల్లా నీ దగ్గర వెనిగర్ కంపు కొట్టేది. పక్కన కూర్చోలేక చచ్చేవాణ్ణి. ఈసారి ప్రాణం హాయిగా ఉందేంటి?"

సూదక్క చేతిలో గరిటె గిన్నెలోనే ఆగిపోయింది. ముక్కు దగ్గరికి జాకెట్ చెయ్యి లాక్కుని గట్టిగా పీల్చింది. ఏమీ తెలియలేదు. "మీరు చూడండి" అని చెయ్యి చాపింది.

"సబ్బు వాసన" అన్నాడాయన.

మర్నాడు ప్రయోగశాల తలుపులు తీసేసరికే సూదక్క మేడమ్ గది ముందు నిలబడింది. ఆసిడ్ డబ్బా మారిపోయిందని విని మేడమ్ తల పట్టుకుని, దాచి ఉంచిన సగం రాయిని మళ్ళీ నిలువునా కోయించింది. ఈసారి సూదక్క లేబుల్ పైకి చదివి మరీ ఆసిడ్ పోసింది.

పక్క కుర్చీలో గద్ద అనే చిన్నది ఉండేది. కళ్ళు అంత చురుకు, నోరు అంతకంటే. "ఇప్పుడు తప్పకుండా కనిపిస్తుందిలే అక్కా. మొగుడు పెట్టె సర్దుకున్నాడుగా!"

సూదక్కకి చురుక్కుమంది. అందులో అబద్ధం లేదు మరి. రోజులు గడిచి, రాయి కరిగి, పొడి ఆరి పళ్ళెంలోకి వచ్చాక సూది తీసి గద్ద చేతిలో పెట్టింది. "నువ్వే ఏరు. నా కళ్ళు ఇవాళ నా మాట వినవు. ఉప్పురవ్వని చూసినా అపటైటే అంటాయి."

"నేను ఏరనా? నీ సూదితోనా?"

"నోరు మూసుకుని ఏరవే. ఊపిరి కూడా మెల్లగా వదులు."

గద్ద వంగింది. సూదక్క కిటికీలోంచి బయటికి చూస్తున్నట్టు నిలబడింది.

"అక్కా, ఇటు చూడకు."

"చూడట్లేదే!"

"నీ నీడ నా పళ్ళెం మీద పడుతోంది."

సూదక్క గోడవైపు తిరిగింది. వెనకనుంచి సూది సీసా అంచుకి తగిలే చప్పుడు వస్తోంది. అది ఆగి ఆగి, తర్వాత త్వరత్వరగా వినిపించసాగింది. చివరికి గద్ద, "మేడమ్‌ని పిలువు. నేను చెబితే నమ్మవు" అంది. మేడమ్ వచ్చి, పలుకుల్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఆరు పలకలూ ఉన్నాయి. అపటైటే. బోలెడుంది" అంది.

సూదక్క చెప్పులు వేసుకుని బోరు దారి పట్టింది.

బోరు దగ్గర ఆఖరి పైపు కూడా లారీ ఎక్కేసింది. సంగతి వినగానే పనివాళ్ళంతా ఒక్కసారిగా మీదపడ్డారు.

"వదినా! ఈ మాట ముందే చెబితే మా నడుములు మిగిలేవి కదా!"

"తిట్టండి నాయనా, తిడుతూనే దించండి. అందరికీ టీ నాది."

భర్త లారీ మీద నుంచే అడిగాడు. "ఇంకా ఎంత లోతుకట?"

"మేడమ్ చెప్పలేదు. నేను మాత్రం బాగా లోతుకి అన్నాను."

"నిన్నెవరు అడిగారు?"

"ఎవరూ అడగలేదు. అయినా అన్నాను."

ఆయన ఒక పైపు చివర పట్టుకుని కిందికి జార్చాడు. సూదక్క కొంగు బిగించి రెండో చివర అందుకుంది.