నాలుగు ముక్కల మాత్ర

మునిరాజ్‌కు ముప్పై నాలుగేళ్ళు. హోసూరులో గేర్లు తయారుచేసే ఫ్యాక్టరీలో కొలతలు సరిచూసే ఉద్యోగం. తల్లిదండ్రులు కావేరిపట్టణం దగ్గర పల్లెలో సేద్యం చేసుకుంటారు. మనిషి మాటకారి కాడు, ఎవరి జోలికీ పోడు. అయినా కృష్ణగిరి నుంచి హోసూరు దాకా చాలామందికి అతని పేరు తెలుసు. కారణం అతని రక్తం. ఓ నెగటివ్, ఎక్కడో ఒకరికి తప్ప ఉండని గ్రూపు. పదేళ్ళలో పదహారుసార్లు ఇచ్చాడు. ఆస్పత్రి నుంచి ఫోను వస్తే లీవు పెట్టి మరీ పోయేవాడు. తన గురించి తాను గర్వంగా అనుకోగలిగింది అదొక్కటే.

ముప్పై దాటాక జుట్టు ఊడటం మొదలైంది. సామల్పట్టిలో ఒక సంబంధం చూసి వచ్చాక, పెళ్ళికూతురి మేనత్త అతన్ని చూసి పెళ్ళికొడుకు చిన్నాయన అనుకుందని మధ్యవర్తి నవ్వుతూ చెప్పాడు. మునిరాజ్ కూడా నవ్వాడు. ఆ తర్వాత బండి దిగినా హెల్మెట్ తీయడానికి చుట్టూ చూసుకునేవాడు.

ఆ ఏడాదే తండ్రి మునివెంకటప్పకు మూత్రం సరిగా రాక ఇబ్బంది మొదలైంది. ప్రోస్టేట్ గ్రంథి పెరిగిందని డాక్టరు ఫినాస్టరైడ్ మాత్ర రాశాడు. నెలనెలా కొనితెచ్చేది మునిరాజే. ఒకసారి ఊరికే ఫోనులో ఆ పేరు కొట్టి చూస్తే, అదే మందును తక్కువ మోతాదులో మగవాళ్ళ జుట్టు రాలకుండా కూడా ఇస్తారని తెలిసింది. డాక్టరు ముందు కూర్చుని జుట్టు సంగతి ఎత్తడానికి మనసు రాలేదు. తండ్రి చీటీ చూపించే నెలనెలా ఒక స్ట్రిప్పు ఎక్కువ కొన్నాడు. గది తలుపు వేసుకుని బ్లేడుతో ఒక్కో మాత్రను నాలుగు ముక్కలు చేసి, రోజుకో ముక్క మింగాడు. ఎనిమిది నెలలకు దువ్వెనలో వెంట్రుకలు తగ్గాయి. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మొన్న ఆడిమాసంలో, అంటే ఆషాఢంలో, ఒక పొద్దున కృష్ణగిరి బ్లడ్ బ్యాంకు నుంచి సుధామణి ఫోను చేసింది. అక్కడ పనిచేసే ఆమెకు మునిరాజ్ ఏళ్ళుగా తెలుసు. నందిత అనే ఆమెకు ఏడో నెల, రక్తం పోతోంది, స్టాకులో ఆ గ్రూపు లేదు అని చెప్పింది. మునిరాజ్ బస్సెక్కి పోయాడు.

ఫారం నింపేటప్పుడు నందిత భర్త జితేంద్ర పక్కనే నిలబడి ఉన్నాడు. వెనక బెంచీ మీద ఇంకో ఇద్దరు. సుధామణి ప్రశ్నలు గబగబా చదువుతోంది.

"ప్రోస్టేట్‌కి గానీ, జుట్టు రాలేదానికి గానీ మాత్రలు ఏమన్నా తింటా ఉండావా అప్పా?"

ఆ ప్రశ్న అంతకుముందూ ఉండేది. అప్పుడు అతనికి దానితో సంబంధం లేదు; మాత్ర మొదలుపెట్టాక రక్తం ఇవ్వడానికి రావడం ఇదే మొదలు. ఇప్పుడు వెనక బెంచీ మీది వాళ్ళు తన తల వైపే చూస్తున్నట్టు అనిపించింది. డాక్టరు తనకు రాయలేదు, తిన్నది కూడా పావు ముక్కే కదా అనుకున్నాడు.

"లేదమ్మా," అన్నాడు.

రక్తం ఇచ్చి, జ్యూసు తాగుతూ, ఏదో మామూలుగా అడిగినట్టు ఆ జుట్టు మాత్రల సంగతి ఎందుకు అడుగుతారని అడిగాడు.

"ఆ మందు రక్తంలో ఉంటుందప్పా. కడుపుతో ఉండే ఆమెకి ఎక్కిస్తే, లోపల ఉండేది మగబిడ్డ అయితే బిడ్డకి కీడు చేస్తుంది. ఆపి నెల దాటినాకనే మేము రక్తం తీసుకునేది," అంది సుధామణి, సీసాల మీద పేర్లు రాస్తూ.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. జితేంద్ర లోపలికి వచ్చి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆ చేతులు పట్టుకుని ఉండగా చెప్పలేకపోయాడు. తల ఊపి బయటికొచ్చి హోసూరు బస్సులో కూర్చున్నాడు. బస్సులో నలుగురి మధ్య ఆ మాట ఎత్తలేకపోయాడు. శూలగిరిలో దిగేసి ఫోను చేశాడు.

"నా రక్తం ఎక్కించేసినారా అమ్మా?"

"ఇంకా టెస్టులు అయితా ఉండాయి. ఏమప్పా?"

"ఎక్కించద్దమ్మా. నేను ఆ మాత్ర తింటా ఉండాను. జుట్టుకి."

"ఆ సంచి తీసి పక్కన పెట్టండి," అని సుధామణి లోపలికి కేకేసింది. అతన్ని తిట్టలేదు. వెనక్కి వచ్చి ఆ మాట రాసి సంతకం పెట్టి పొమ్మంది.

తిరిగి వచ్చేసరికి అతని రక్తం సంచి పసుపుపచ్చ చెత్తసంచిలో పడి ఉంది. వరండాలో జితేంద్ర ఎదురయ్యాడు.

"మళ్ళీ వచ్చినావేమి అన్నా?"

మునిరాజ్ ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. జితేంద్ర చూపు ఒక్క క్షణం అతని ముఖం మీది నుంచి నుదుటి పైకి పోయింది. తర్వాత పక్కకు తిరిగి ఎవరికో ఫోను కలుపుకున్నాడు. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

మునిరాజ్ మెట్ల మీద కూర్చుని, తన దగ్గరున్న ఆ గ్రూపు దాతల నంబర్లన్నిటికీ వరసగా ఫోను చేశాడు. కల్లావిలో రామచంద్ర అనే బడిపంతులు దొరికాడు. బండి మీద వచ్చి రక్తం ఇచ్చాడు. పొద్దు వాలేలోగా నందితకు ఎక్కించారు. గండం తప్పిందని తెలిసేదాకా మునిరాజ్ బండ్లు నిలిపే చోట నిలబడి ఉన్నాడు. జితేంద్ర కంటపడలేదు.

ఆ సాయంత్రం హోసూరు పోలేదు. పల్లెకు పోయి తండ్రికి అంతా చెప్పాడు. చీటీ వాడుకున్నది కూడా. మునివెంకటప్ప చేతిలోని తువ్వాలు మడతపెట్టి పక్కన పెట్టాడు.

"నేను ఊర్లో దాన్ని బీపీ మాత్ర అని చెప్తా ఉండానురా. ఒంటికి పోయేదానికి మాత్ర అంటే నవ్వుతారని," అన్నాడు. తర్వాత, "నా అబద్ధంతో ఎవురికీ చేటు లేదు. నీది అట్ల కాదు కదా," అన్నాడు.

మునిరాజ్ మాత్రలు మానేశాడు. జుట్టు మళ్ళీ రాలడం మొదలైంది. నందితకు నెలలు నిండి మగబిడ్డ పుట్టాడని, తల్లీబిడ్డా బాగున్నారని సుధామణి ఫోనులో చెప్పింది. ఆ మాట విని అతను ఫ్యాక్టరీ వెనకాలికి పోయి ఒంటరిగా కాసేపు నిలబడ్డాడు. మగబిడ్డ అన్న మాటే చెవిలో తిరిగింది.

కార్తీకంలో వాళ్ళ ఫ్యాక్టరీలో రక్తదాన శిబిరం పెట్టారు. ఈ మాత్రల సంగతి నాలుగు మాటలు చెప్పమని సుధామణి అడిగింది. తన వల్ల కాదన్నాడు. ఆమె పట్టుబట్టలేదు. తానే మైకు తీసుకుని, ఎవరి పేరూ ఎత్తకుండా, జుట్టుకు మాత్రలు తినేవాళ్ళు చెప్పి తీరాలని, అందులో సిగ్గుపడేది ఏమీ లేదని చెప్పింది. మునిరాజ్ వెనక గోడ దగ్గర నిలబడి విన్నాడు. రక్తం ఇచ్చే వరసలోంచి అసెంబ్లీ సెక్షన్‌లో పనిచేసే ఉదయ్ కుమార్ పక్కకు జరిగి, ఆమె దగ్గరికి పోయి ఏదో మెల్లగా చెప్పి, ఎవరి వైపూ చూడకుండా బయటికి నడిచాడు. అతని వెంట పోయి, తానూ ఆ మాత్ర తిన్నవాడినేనని ఒక్క మాట చెప్పాలని మునిరాజ్‌కు అనిపించింది. గోడ దగ్గరే నిలబడిపోయాడు.