చప్పుడు లేని లెన్సు

పోలీసులకు ఫొటోలు ఇచ్చింది సాలోమోను బిడ్డేనని గల్లీ అంతా అన్నారు. సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో ఆడోళ్లు రోడ్డు మీద బతుకమ్మ ఆడుతుంటే ఆ పిల్ల కెమెరా పట్టుకొని చుట్టూ తిరిగిందట. మరునాడే, అప్పుడు అక్కడే ఉన్న కౌసల్యమ్మ కొడుకు మధును పోలీసులు ఇంట్లోంచి తీసుకుపోయారు. మొహం పట్టియ్యనిదే ఇల్లెట్ల దొరుకుతదని నల్లా కాడ తేల్చేశారు. కొత్త లెన్సు కూడా పోలీసులే కొనిచ్చారని ఒకామె కలిపింది.

సాలోమోను బిడ్డ పుష్పలత, ఎదురుగా మనిషొస్తే గోడవారకు జరిగే పిల్ల. ఇంటర్ మధ్యలో ఆగిపోయి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక స్టూడియోలో పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరించే పనికి కుదిరింది. మాట్లాడకుండానే మనుషుల్ని కళ్లారా చూడనిచ్చే పని ఫొటోలు తీయడమొక్కటేనని అక్కడే తోచింది. ఓనరు పక్కన పడేసిన కెమెరాను తండ్రి ఇప్పించాడు. దాని లెన్సుకు ఇళ్లలోని ట్యూబులైటు వెలుతురు చాలేది కాదు.

తక్కువ వెలుతురులోనూ బాగా తీసే చిన్న లెన్సు ఉందని విని దుకాణానికి పోయింది. దుకాణదారు రెండు తీసి ముందు పెట్టాడు. చూడ్డానికి రెండూ ఒక్కతీరే, ధరలో మాత్రం ఒకటి సగం. ఎందుకు తక్కువో అడుగుదామనుకుంది. వెనక ఇంజనీరింగ్ పిల్లగాండ్లు నిలబడి నవ్వుకుంటున్నారు. తక్కువ ధరదాన్ని చూపించి ఒక్క మాటే అడిగింది.

"నా కెమెరాకు పడుతదా అన్నా?"

"పడుతది చెల్లె."

నిజంగానే పట్టింది. మీట నొక్కితే పాత లెన్సు గిర్రుమనేది. ఇది కిక్కురుమనలేదు. మంచి సరుకు కాబట్టే చప్పుడు లేదనుకుంది.

కౌసల్యమ్మ తన మనవరాలి ఓణీల ఫంక్షనుకు ఫొటోలు తీయమని ముందే చెప్పి ఉంది. ఆడపిల్లయితే ఆడోళ్లు మొహమాటపడరని ఆమె నమ్మకం. అదొక్కటి బాగా తీస్తే గల్లీలో మిగతా ఇళ్లవాళ్లూ పిలుస్తారని పుష్పలత ఆశ. చేయి కుదరాలనే ఆ రోజు బతుకమ్మ కాడికి పోయింది. కెమెరా వెనక చిన్న తెర మీద ఫొటోలన్నీ ముద్దుగానే కనబడ్డాయి.

మధును తీసుకుపోయాక కౌసల్యమ్మ వాళ్ల గుమ్మం కాడికొచ్చింది. సాలోమోను కుర్చీ వేసినా కూర్చోలేదు.

"నీకు నా పిల్లగాని మొహమే దొరికిందా బిడ్డా? ఫంక్షనుకు రాకు."

ఆమె పోయాక, ఏం తీసిందో ఆ ఫొటోలు చూపిస్తే సరిపోతదని తండ్రి అన్నాడు. స్టూడియో కంప్యూటరులో పెద్దవి చేసి చూసింది. అన్నీ మసకే. దుకాణదారుని అడిగితే, పాత లెన్సులో గిర్రుమన్నట్టి ఫోకస్ మోటారు లెన్సులోనో కెమెరాలోనో ఉండాలని, నీ రెండింట్లోనూ లేదని, రింగు చేత్తో తిప్పుకోవాలని చెప్పాడు. అమ్మింది వాపసు తీసుకోనన్నాడు.

చూపిస్తే నింద పోతుంది. దాంతోపాటే, ఈ పిల్లకు ఫొటో తీయడం రాదని కూడా గల్లీకి తెలుస్తుంది. చూపించకున్నా ఎటూ పిలవరు, కాకపోతే తీయడం రాదని మాత్రం ఎవరూ అనరు. ఆమె చూపించలేదు.

మధును వదిలేశారు. ఓణీల ఫంక్షనుకు కొత్తపేట నుంచి ఎవరో వచ్చి తీశారు. పుష్పలత మళ్లీ కెమెరా ముట్టుకోలేదు. గల్లీలో ఆమె ఎదురైతే ఆడోళ్లు కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంటారు.

ఆమె తీసిన ఫొటోల్లో ఏ ఒక్కరి మొహమూ ఆనవాలు పట్టేట్టు లేదు.