ఓడిన పరుగుకూ ఒక సాక్ష్యం

2023. వానలు మొహం చాటేసిన ఏడాది. అనంతపురం శివారులో ఆడపిల్లలకు పరుగు నేర్పే శిక్షణ కేంద్రంలో నేను ఫిజియోథెరపిస్టును. మా బంధువుల లెక్కలో కాళ్ళు పిసికే డాక్టరమ్మను, అననీ.

ఉరవకొండ వైపు నుంచి వచ్చిన రూతు ఎనిమిది వందల మీటర్ల పరుగులో మా అందరి ఆశ. ఆమెకు హ్యామ్‌స్ట్రింగ్, అంటే తొడ వెనక కండరం, పోటీ రోజున మాత్రమే పట్టేసేది. స్కానింగ్‌లో ఏమీ లేదు. దొంగ నొప్పి అని కోచ్ విసుక్కున్నాడు. నేను పట్టి చూస్తే కండరం నిజంగానే రాయిలా ఉంది. ఇదేం వింత అని నాకు కుతూహలం పట్టుకుంది. రాష్ట్ర జట్టు ఎంపిక దగ్గర పడింది, ఈసారీ కుంటితే ఇంటికి పంపేస్తామన్నారు.

"పోటీ అంటే భయమా?" అని అడిగాను.

"పోటీ కాదు మేడం. ఆదివారం."

వాళ్ళ చర్చిలో మేలు పొందినవాళ్ళు ఆదివారం లేచి, దేవుడు తమకేం చేశాడో సాక్ష్యం చెప్తారు. నిరుడు గెలిచినప్పుడు రూతూ అలా సాక్ష్యం చెప్పింది. అప్పటినుంచి ఆమెకు పోటీ ఉన్న ప్రతి రోజూ చర్చి సంఘమంతా ఉపవాస ప్రార్థన చేస్తోంది.

"మాయమ్మ వాళ్ళు పస్తుండి శెనక్కాయ చేన్లో కలుపు తీస్తాండారు. నేను ఓడిపోతే వాళ్ళ ప్రార్థన యాడికి పోయినట్లు? కాలు నొస్తే ఎవురూ ఏమీ అనుకోరు."

జాలేసింది. ఆ కాలు మీద కాస్త గౌరవం కూడా కలిగింది, అందరి పరువూ అదే మోస్తోంది మరి.

రూతు ఒప్పుకున్నాకే వాళ్ళ పాస్టరుగారిని పిలిపించాను. ప్రసంగం మొదలెడతాడేమోనని నా బెంగ. ఆయన రూతు పక్కన కూర్చుని, "ప్రార్థన చేసినాకే బోరు ఏపిచ్చినా బిడ్డా. దుమ్ము తప్ప సుక్క నీళ్ళు రాలేదు. ఆ మాట సంఘంలో ఎప్పుడన్నా చెప్పినానా?" అన్నాడు.

"లేదయ్యగారూ."

"ఈ ఆదివారం చెప్తా. నువ్వు పరిగెత్తి రా. ఏమైతే అదే చెప్పు."

చెప్పినట్టే ఆయన బోరు సంగతి సంఘంలో చెప్పాడు. ఎంపిక పోటీలో రూతు కుంటలేదు. నాలుగో స్థానంలో వచ్చింది, జట్టులోకి ముగ్గురినే తీసుకున్నారు. ఇంటికి పంపే మాట మాత్రం కోచ్ మళ్ళీ ఎత్తలేదు.

పోటీ అయ్యాక వచ్చిన ఆదివారం నేనూ వాళ్ళ చర్చికి వెళ్ళి చాప చివర కూర్చున్నాను. రూతు లేచింది. "ఓడిపోయినా. కాలు నొయ్యలేదు. మల్లా ఉరుకుతా," అంది. ఆమె కూర్చోగానే ఒక ముసలామె లేచి, "నా శెనక్కాయంతా ఎండిపాయ," అంటూ తన సాక్ష్యం మొదలుపెట్టింది.

ఇప్పుడు నొప్పి ఎక్కడని అడిగాక ప్రతి క్రీడాకారిణినీ ఇంకో మాట అడుగుతాను: ఓడిపోతే ముందు ఎవరికి చెప్తావు? ఎవరూ లేరన్న పిల్లను కాలొక్కటే చూసి పంపించను.